ఏడు చుట్ల ముడి

అనగనగా, మన తాతల తాతలు కూడా పుట్టని కాలంలో, తూర్పు సముద్రం ఒడ్డున మొగలిరేవు అనే ఊరు ఉండేది. ఆ ఊరికి సాగరవర్మ అనే రాజు ఉండేవాడు. గుట్ట మీద రాజుగారి కోట, గుట్ట కింద ఇసుకలో నూరు గుడిసెలు. ఆ గుడిసెల్లో ఉన్నవాళ్లందరికీ సముద్రమే పొలం, చేపే పంట.

ఆ ఊళ్లో ఎరకయ్య అనే ముసలివాడు గాలాలు కట్టేవాడు. కమ్మరి ఇనుప గాలం చేసి ఇస్తాడు. సన్యాసమ్మ అనే అవ్వ జనపనార పేని దారం ఇస్తుంది. ఆ రెండింటినీ కలిపే ముడి ఎరకయ్య వేస్తాడు. ఆ ముడి చూడటానికి పెసరగింజంత. చేప బరువంతా పడేది దాని మీదే.

ఎరకయ్య దగ్గర ఇద్దరు ఆ పని నేర్చుకున్నారు. ఒకరు ఆయన కూతురు తవిటమ్మ. రెండోవాడు ఆయన చెల్లెలు అచ్చమ్మ పెద్దకొడుకు దానయ్య. తవిటమ్మకు తల్లి లేదు. పాలు తాగే వయసు నుంచి ఆమెను పెంచింది మేనత్త అచ్చమ్మే.

"దారం కొసను గాలం కంట్లో దూర్చండి," అని చెప్పేవాడు ఎరకయ్య. "కాడ చుట్టూ ఏడు చుట్లు చుట్టండి. చుట్టు మీద చుట్టు ఎక్కకూడదు, పక్కపక్కనే పడుకోవాలి. కొసను మొదటి మడతలోంచి వెనక్కి తియ్యండి. ఇప్పుడు ఉమ్మితో తడపండి. తడిపాకే బిగించండి, అదీ మెల్లగా. బిగించాక గుంజకు తగిలించి మూడుసార్లు లాగండి. వెంట్రుకంత జరిగినా కోసి పారేసి మళ్లీ కట్టండి."

"పొడిగా బిగిస్తే ఏమవుతుంది మామా?" అని అడిగాడు ఒకసారి దానయ్య.

"బిగిసినట్టే కనపడుతుంది. నీళ్లలో నాని, బరువు పడినప్పుడు ఒక్కొక్క చుట్టే జారుతుంది. తెగిన దారానికీ జారిన దారానికీ తేడా చూసుకోండి. తెగితే కొస పీచుపీచుగా లేస్తుంది. ముడి జారితే పందితోకలా మెలికలు తిరిగి ఉంటుంది."

దానయ్య చేతులు చురుకైనవి. తవిటమ్మ చేతులు నిదానమైనవి. ఎరకయ్య ఇద్దరినీ ఒక్క మాట అనేవాడు కాదు. కాని దానయ్య కట్టినవాటిని మాత్రం మళ్లీ తానే లాగి చూసేవాడు.

ఇలా ఉండగా ఆ తీరానికి చెడ్డకాలం వచ్చింది. రెండేళ్లు వానలు లేవు. ఒడ్డు దగ్గర తిరిగే చిన్నచేపలు ఎటో వెళ్లిపోయాయి. వలలు వేస్తే నాచు వచ్చేది, గవ్వలు వచ్చేవి. జనం ఇసుకలో పీతలు తవ్వుకుని తిన్నారు. పీతలు కూడా అయిపోయాయి. పాకల్లో పిల్లల ఏడుపు మొదట పెద్దగా వినిపించేది, తరవాత సన్నగా వినిపించేది, ఆపైన కొన్ని పాకల్లో అసలు వినిపించలేదు. ఆ ఏడే ఎరకయ్యా పోయాడు. తన గంజి పక్కింటి పిల్లలకు పోసి, ఆకలి లేదు అంటూనే పోయాడు.

రాజు సాగరవర్మ గుట్ట దిగి వచ్చాడు.

"లోతు సముద్రంలో పెద్దచేపలు ఉన్నాయంటున్నారు. కోనాలున్నాయి, సొరలున్నాయి. వాటికి వలలు చాలవు, గాలాలు కావాలి. రేపటి నుంచి నా పడవలు లోతుకు వెళతాయి. గాలాలు కట్టడానికి ఒక మనిషిని పెడతాను. వాళ్లకు కోట నుంచి రోజూ మానెడు బియ్యం," అన్నాడు.

ఆ పనికి ఇద్దరు నిలబడ్డారు, దానయ్య, తవిటమ్మ. పొద్దుగూకేలోగా యాభై గాలాలు కట్టి తెమ్మన్నాడు రాజు.

పొద్దు ఇంకా గుట్ట మీద ఉండగానే దానయ్య యాభై తెచ్చాడు. ముడులన్నీ ఒక్క తీరుగా, ముత్యాల్లా మెరుస్తున్నాయి. పొద్దు పూర్తిగా దిగాక తవిటమ్మ పందొమ్మిది తెచ్చింది.

"మిగతావి ఏవమ్మా?" అన్నాడు రాజు.

"ఇంకో పదకొండు కట్టాను ఏలికా. లాగి చూస్తే జరిగాయి. కోసి పారేశాను."

రాజు చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. "ఊరు ఆకలితో చస్తుంటే కట్టినవి కోసి పారేసే మనిషి నాకెందుకు?" అన్నాడు రాజు. పనిని దానయ్యకు ఇచ్చాడు.

తవిటమ్మ తన గాలాలు కొంగులో కట్టుకుంది. ఇంటికి వెళ్లింది. ఆ రోజు అచ్చమ్మ చాలాకాలం తరవాత పొయ్యి మీద కుండ పెట్టింది. దానయ్యకు, వాడి తమ్ముడు గంగులుకు, తవిటమ్మకు వేడివేడి గంజి పోసింది. "నీకు పని రాకపోతేనేం తల్లీ, బావకు వచ్చింది. మనం బతుకుతాం," అంది.

తవిటమ్మ గంజి తాగింది. ఆకలి తీరింది.

మొదటి వేటకు మూడు పడవలు వెళ్లాయి. మూడో రోజు తిరిగొచ్చాయి. జనమంతా తట్టలు పట్టుకుని ఒడ్డుకు పరిగెత్తారు. పడవల్లో మూడే మూడు చేపలున్నాయి.

"చేపలు లేక కాదు," అన్నాడు ఎల్లయ్య. ఎల్లయ్య అన్ని పడవలకూ పెద్ద, ఆ ఊరివాళ్లు తాండేలు అంటారు. నలభై ఏళ్లుగా సముద్రం మీద ఉన్నవాడు. "చేపలు తగిలాయి. లాగుతుంటే ఒట్టి దారం వచ్చింది. ఇరవైసార్లు ఇలాగే."

దానయ్య ముందుకొచ్చాడు. "దారం కుళ్లిపోయి ఉంటుంది. సన్యాసమ్మవ్వకు కళ్లు కనపడవు. పాతనార కలిపి పేనుతోంది," అన్నాడు.

తవిటమ్మ ఇసుకలో పడి ఉన్న దారాలను ఏరుతోంది. ఒకటి తీసి చూసింది. కొస పందితోకలా మెలికలు తిరిగి ఉంది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఒక్కదానికీ పీచు లేవలేదు.

ఆమె తలెత్తింది. నోటిదాకా మాట వచ్చింది. చుట్టూ జనం చూస్తున్నారు. చెబితే ఏమంటారు? పని రాలేదని బావ మీద ఏడుస్తోంది అంటారు. అచ్చమ్మ మొహం చూసింది. ఆ పొద్దున తాగిన గంజి గుర్తుకొచ్చింది. దారాలను మళ్లీ ఇసుకలో వదిలేసింది.

ఆ మాట విని రాజు దారం పేనే పని వేరేవాళ్లకు ఇచ్చి, సన్యాసమ్మను ఊరవతలికి పంపించమన్నాడు. ఉప్పుటేరు అవతల ఒక పాడుపడిన పాక ఉంది. అక్కడ మనుషులు ఉండరు. అవ్వ కదురు పట్టుకుని, కర్ర పోటు వేసుకుంటూ ఏరు దాటింది.

రెండు రోజులాగి తవిటమ్మ ముంతెడు గంజి తీసుకుని ఆ పాకకు వెళ్లింది.

సన్యాసమ్మ గంజి అందుకుంది. తాగకుండా పక్కన పెట్టింది. "కళ్లు కనపడకపోయినా నాకు వేళ్లున్నాయమ్మా," అంది. "నేను ఏరు దాటేముందు ఎల్లయ్య ఒక దారం నా చేతిలో పెట్టాడు. తడిమి చూశాను. అది తెగిన కొస కాదు. నువ్వూ చూశావట కదా?"

"చూశానవ్వా."

"మరి ఎందుకు చెప్పలేదు?"

 "అత్త నన్ను పెంచింది అవ్వా," అంది తవిటమ్మ.

"ఔను, పెంచింది," అంది సన్యాసమ్మ.  ఆ మాట తిట్టులా కూడా లేదు.

తవిటమ్మ తిన్నగా దానయ్య దగ్గరికి వెళ్లింది. అతను పాక ముందు కూర్చుని గాలాలు కడుతున్నాడు. చుట్టడం, లాగడం, పక్కన పడెయ్యడం. ఒక్కటీ తడపడం లేదు. గుంజ పక్కనే ఉంది, దానికి ఒక్క గాలమూ తగిలించడం లేదు.

"బావా, నీ ముడులు జారుతున్నాయి. దారం మంచిదే. తడిపి బిగించు, లాగి చూడు," అంది మెల్లగా.

దానయ్య చేతులు ఆగాయి. అతనికి తెలుసు. తెలుసునని మొహమే చెప్పింది.

"రోజుకు యాభై అడుగుతున్నారు తవిటీ. తడిపి, లాగి, జారినవి కోసేస్తే ఇరవై కూడా కావు. ఇరవై ఇస్తే నన్ను తీసేస్తారు. అప్పుడు అమ్మ ఏం తింటుంది? నువ్వేం తింటావు?"

"అవ్వ ఏరవతల ఉంది బావా."

"ఉంటుంది కొన్నాళ్లు. చేపలు పడితే రాజుగారే మరిచిపోతారు. నేనే వెళ్లి తీసుకొస్తాను. రేపటి నుంచి తడిపి కడతాలే. ఎవరితో అనకు."

తవిటమ్మ అనలేదు. దానయ్య తడిపి కట్టలేదు.

రెండో వేట నుంచి పడవలు తిరిగొచ్చాయి. ఈసారి రెండే చేపలు. ఒక చిన్న కోనాం, ఒక పిల్లసొర. ఒక మనిషి ఒక కంటికి గుడ్డ కట్టుకుని దిగాడు. బిగువుగా లాగుతున్న దారం ఒక్కసారిగా ఊడి వచ్చి కంటికి కొట్టుకుందట.

తాండేలు ఎల్లయ్యకు కోపం ఆగలేదు, ఒడ్డున నిలబడ్డ రాజు ముందుకే వెళ్లాడు. "దొరా, ఈ గాలాలు పనికిరావు. కట్టినవాడిని అడగండి," అన్నాడు.

దానయ్య ఈసారి తడుముకోలేదు. "దారం మార్చారు కదా, ఇంకా నా ముడినే అంటారేం? చేప తగలగానే ఎల్లయ్య మావ ఎద్దును లాగినట్టు లాగుతాడు. ఎంత మంచి ముడైనా ఆగుతుందా? వయసు మీదపడి చేయి అదుపు తప్పింది," అన్నాడు.

రాజు కోపంగా ఉన్నాడు. ఆ పొద్దునే కోట గుమ్మం ముందు ఒక తల్లి చచ్చిన పిల్లను పెట్టి పోయింది. ఎవరో ఒకరి తప్పు కావాలి ఆయనకు. "నా గాలాలు పాడుచేసిన చేతులవి," అని ఎల్లయ్య రెండు చేతుల మీదా ఈతబెత్తంతో యాభై దెబ్బలు కొట్టించాడు. నలభై ఏళ్లు చుక్కాని పట్టిన చేతులు వాచి, పగిలి, మరి మూయడానికి రాకుండా పోయాయి.

తవిటమ్మ గుంపులో ఉంది. ఒక్కొక్క దెబ్బా లెక్కపెట్టింది. ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడు చెప్పాలి అనుకుంటూనే లెక్కపెట్టింది. పక్కనే అచ్చమ్మ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. "పాపం ఎల్లయ్య. మన దానయ్య మీదికి రాలేదు, అదే చాలు," అని గొణుగుతోంది. యాభై అయిపోయాయి.

ఆ మర్నాడు తవిటమ్మ ఏరు దాటి వెళ్లింది. పాక తలుపు తెరిచే ఉంది. సన్యాసమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది. ఒళ్లో కదురు ఉంది. ముంతలో గంజి పులిసిపోయి, చీమలు పట్టి, అలాగే ఉంది. అవ్వ పోయి రెండు రోజులైనా అయి ఉంటుంది.

తవిటమ్మ ఒక్కతే ఇసుక తవ్వి ఆమెను పూడ్చింది.

మూడో వేట వచ్చింది. ఎల్లయ్య వెళ్లలేడు కాబట్టి పెద్దపడవను గంగులుకు అప్పగించారు. గంగులు దానయ్య తమ్ముడు. ఇరవై రెండేళ్లవాడు, నవ్వు మొహంవాడు. ఇంత లోతుకు ఎన్నడూ పడవ నడిపినవాడు కాదు.

"చేప లేకుండా ఒడ్డుకు రావద్దు," అని రాజాజ్ఞ.

తవిటమ్మ రేవుకు వెళ్లింది. తాను కట్టిన ఆరు గాలాలు కొంగులోంచి తీసింది. "గంగులూ, ఇవి కూడా పెట్టుకో," అంది.

గంగులు నవ్వాడు. "అన్న కట్టినవి పెట్టెడున్నాయి వదినా. నీవి తీసుకెళితే జనం ఏమనుకుంటారు? తమ్ముడే అన్నను నమ్మలేదంటారు. రాజుగారి పడవలో రాజుగారి గాలాలే ఉండాలి."

"ఊరికే పెట్టుకో. అడుగున పడి ఉంటాయి."

"ఎందుకు వదినా? వాటిలో ఏమైనా తేడా ఉందా?"

సూటిగా అడిగాడు. సూటిగా చూస్తున్నాడు. అలలు పడవను తడుతున్నాయి. అచ్చమ్మ కాస్త దూరంలో, కొడుక్కు దిష్టి తీయడానికి ఉప్పు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏం లేదులే," అంది తవిటమ్మ.

గంగులు ఆరు గాలాలూ ఆమె చేతిలో పెట్టి పడవ ఎక్కాడు.

ఐదు రోజులు గడిచాయి. ఆరో రోజు మధ్యాహ్నం రెండు పడవలు తిరిగొచ్చాయి. మూడోది రాలేదు. వచ్చిన పడవల్లో ఒకదానిలో గంగులు పడవ మనిషి ఒకడు పడుకుని ఉన్నాడు. ఆ పడవలో వెళ్లిన నలుగురిలో మిగిలింది వాడొక్కడే. దారం చుట్ట ఒకటి వాడి ముంజేతికి ఇంకా చుట్టుకునే ఉంది, చర్మంలోకి దిగి ఉంది.

వాడు చెప్పింది ఇది. పెద్దసొర తగిలింది. అంత సొరను వాళ్లు ఎన్నడూ చూడలేదు. అది ఒక్కటి పడితే ఊరంతా నాలుగు రోజులు తింటుంది. ముగ్గురు ఒకే పక్కన నిలబడి, కాళ్లు తన్ని పెట్టి, వెనక్కి వాలి లాగారు. గంగులు అందరికన్నా ముందు. వచ్చేస్తోంది, వచ్చేస్తోంది అని అరిచాడు. ఉన్నట్టుండి దారం ఒట్టిదైపోయింది. ముగ్గురూ వెనక్కి పడ్డారు. పడవ ఒరిగింది, తిరగబడింది. కింద ఉన్నది ఆ సొర ఒక్కటే కాదు, ఇంకా సొరలున్నాయి.

"నేను పడవ అడుగును పట్టుకున్నాను. గంగులు ఒక్కసారి పైకి తేలాడు. అమ్మా అన్నాడు. అంతే," అన్నాడు వాడు.

అచ్చమ్మ ఏడవలేదు. ఇసుకలో కూర్చుండిపోయింది. 

రాజు వచ్చాడు. జనమంతా చుట్టూ మూగారు. దానయ్య మొహంలో రక్తం లేదు. అయినా వాడి నోరు వాడి మాట వినలేదు, అలవాటైన దారినే పోయింది. "గంగమ్మ తల్లికి కోపం వచ్చింది. ఊళ్లో ఎవరిదో పాపం," అన్నాడు.

అప్పుడు తవిటమ్మ ముందుకొచ్చింది. బతికొచ్చినవాడి చేతి నుంచి దారం చుట్టను జాగ్రత్తగా విప్పింది. కొసను పట్టుకుని రాజు ముందు ఎత్తింది.

"ఏలికా, ఇది చూడండి. గంగమ్మ కాదు. ఇది జారిన ముడి."

కమ్మరి దగ్గర కత్తి తీసుకుని ఆ దారాన్నే మధ్యలో కాస్త కోసి, ఇద్దరు మనుషుల చేత లాగించింది. టప్పున తెగింది. కొస పీచుపీచుగా లేచింది. రెండు కొసలూ పక్కపక్కన పెట్టి రాజు చేతికిచ్చింది. ఒకటి పీచు, ఒకటి మెలిక. చూడటానికి చదువు అక్కర్లేదు, పసిపిల్లలకు కూడా తెలుస్తుంది.

"తిరిగొచ్చిన పడవల పెట్టెల్లో బావ కట్టిన గాలాలు ఇంకా ఉన్నాయి. మీరే తీసి, తడిపి, మీ చేత్తోనే లాగండి."

రాజు ఒక గాలం తీసి సముద్రంలో ముంచాడు. పడవ కట్టే గుంజకు తగిలించి లాగాడు. ఊడివచ్చింది. రెండోది తీశాడు. ఊడివచ్చింది. మూడోది కాసేపు ఆగింది, రాజు మొహం కాస్త తేలికపడింది, అంతలో అదీ మెల్లగా జారిపోయింది. మూడు కొసలూ ఇసుకలో మెలికలు తిరిగి పడ్డాయి.

రాజు తవిటమ్మ వైపు తిరిగాడు.

"ఇది నీకెప్పుడు తెలిసింది?" అన్నాడు రాజు.

"మొదటి వేట రోజునే," అంది తవిటమ్మ.

జనంలో ఒక కదలిక పుట్టింది. ఇసుకలోంచి అచ్చమ్మ తలెత్తింది.

"మొదటి రోజే తెలుసా?" అంది.  "నా గంగులు పడవ ఎక్కిన రోజుకు కూడా తెలుసా?"

"తెలుసత్తా. గంగులు నన్ను అడిగాడు కూడా. ఏం లేదులే అన్నాను."

"ఎందుకే? ఎందుకు చెప్పలేదే?"

"నీ కోసం అనుకున్నాను. అబద్ధం. మొదటి రోజు జనం నవ్వుతారని భయపడ్డాను. తరవాత ఆ బియ్యం గంజి నేనూ తాగాను. అవ్వ పోయాక, అప్పుడే ఎందుకు చెప్పలేదని అడుగుతారని భయపడ్డాను. ఒక్కో రోజు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది." ఆమె రాజు వైపు తిరిగింది. "సన్యాసమ్మ తప్పు లేదు. ఎల్లయ్య మావ తప్పు లేదు. ముడి మా బావది. మౌనం నాది. ఇద్దరికీ శిక్ష వెయ్యండి. కాని ఒక్క మాట ఏలికా. ఆ పొద్దు మేమిద్దరం గాలాలు తెచ్చినప్పుడు మీరు ఎన్ని ఉన్నాయో చూశారు. ఒక్కదాన్నైనా లాగి చూడలేదు."

భటులు ఆమె మీదికి రాబోయారు. రాజు చెయ్యెత్తి ఆపాడు. చేతిలోని మెలికల దారాన్ని చూశాడు. తరవాత కిరీటం తీసి, ఎల్లయ్య నిలబడ్డ చోటుకు నడిచి వెళ్లి, ఆయన పాడైన చేతుల ముందు తల వంచాడు. ఎల్లయ్య ఆ తల మీద చెయ్యి వెయ్యలేదు. వెయ్యడానికి చేతులూ లేవలేదు, మనసూ రాలేదు.

దానయ్య అప్పటికి ఇసుకలో కుప్పకూలి ఉన్నాడు. "నా తమ్ముడు, నా తమ్ముడు," అని తల బాదుకుంటున్నాడు. భటులు కత్తి దూశారు. అచ్చమ్మ పాకుతూ వచ్చి రాజు కాళ్ల ముందు పడింది. వీణ్ని వదలమని అడగలేదు. "ఒకణ్ని సముద్రం తీసుకుంది దొరా," అని మాత్రం అంది.

రాజు దానయ్యను చంపించలేదు. ఉప్పుటేరు అవతల, సన్యాసమ్మ పోయిన ఆ పాకలో బతికున్నంత కాలం ఒంటరిగా ఉండమన్నాడు. దానయ్య అక్కడ పదకొండేళ్లు ఉన్నాడు. రోజూ పొద్దున ఏటి ఒడ్డున కూర్చుని అవతలి ఒడ్డు వైపు చూసేవాడు. ఎవరూ పలకరించేవాళ్లు కాదు.

"నీకు శిక్ష ఇది," అన్నాడు రాజు తవిటమ్మతో. "ఇక మీదట ఈ ఊరి గాలాలన్నీ నువ్వే కట్టాలి. ప్రతి మనిషి ప్రాణమూ నీ వేళ్ల మధ్య ఉంటుంది."

"కడతాను. కాని సముద్రానికి పోయే ప్రతి మనిషీ తన గాలాన్ని తానే లాగి చూసి పడవ ఎక్కాలి. నా మాట మీద ఎవరూ ఎక్కకూడదు. అనుమానం వచ్చినవాడు అక్కడే నలుగురిలో చెప్పాలి. చెప్పినవాణ్ని చూసి నవ్విన వాళ్లకు ఆ రోజు చేప లేదు."

రాజు ఒప్పుకున్నాడు.

ఆమె రోజుకు ఇరవై గాలాలే కట్టేది. మూడు పడవలు వెళ్లే చోట ఒక్కటే వెళ్లేది. ఒడ్డున ఎల్లయ్య నిలబడి, చేతులు పనికిరాకపోయినా నోటితోనే, గాలి ఎటు, ఎంత లోతు అని కుర్రవాళ్లకు చెప్పేవాడు. మొదటి వేటలోనే పద్నాలుగు కోనాలు పడ్డాయి. రెండో వేటలో మనిషి పొడవు సొర పడింది. ఊళ్లో పొయ్యిలు వెలిగాయి. మిగిలిన పిల్లలు బతికారు. మూడో ఏటికి వానలు పడ్డాయి, ఒడ్డు చేపలూ తిరిగొచ్చాయి. మొగలిరేవు తవిటమ్మ కట్టిన గాలం జారదని చుట్టుపక్కల రేవులన్నీ చెప్పుకున్నాయి. దూరదేశాల రాజులు కబురు పెట్టారు. ఆమె ఎక్కడికీ వెళ్లలేదు.

అచ్చమ్మ మాత్రం ఆమెతో మాట్లాడలేదు. చేప పంపితే తిప్పి పంపేది. గుమ్మంలోకి వస్తే లోపలికి వెళ్లిపోయేది.

ఒక ఏడాది అయ్యాక ఒక పొద్దున అచ్చమ్మ కర్ర పట్టుకుని తవిటమ్మ పాకకు వచ్చింది. పలకరించలేదు. కట్టి పెట్టిన గాలాల్లోంచి ఒకటి తీసింది. గుంజకు తగిలించింది. ముసలి కాళ్లు రెండూ నేలకు తన్ని, పళ్లు బిగించి, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి లాగింది. దారం అరచేతిని కోసింది. ముడి కదలలేదు. అచ్చమ్మ ఆ గాలాన్ని పక్కన పెట్టి రెండోది తీసింది. ఆ రోజు ఇరవై గాలాలూ లాగింది. లాగి వెళ్లిపోయింది.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. చచ్చిపోయే రోజుదాకా ప్రతి పొద్దూ వచ్చి, ఎవరి కొడుకు చేతికో వెళ్లే ప్రతి గాలాన్నీ లాగి చూసేది. నిన్ను క్షమించాను అని ఎన్నడూ అనలేదు. తవిటమ్మ కూడా అడగలేదు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఒకరు కడుతూ, ఒకరు లాగుతూ, అలాగే ఏళ్లు గడిపారు.

కాబట్టి పిల్లలూ, తప్పు కంటపడిన రోజునే నోరు విప్పి చెప్పండి. ఆలస్యంగా చెప్పిన నిజం ఉన్నవాళ్లను కాపాడగలదు గాని, పోయినవాళ్లను తిరిగి తేలేదు.